ఫ్రిజ్‌లో ఏవి, బయట ఏవి? విజయవాడ వంటింటి లెక్క

అమ్మా, మీ ప్రశ్న చదువుతుంటే నవ్వొచ్చింది. మా పెళ్లైన కొత్తలో మా ఇంట్లోనూ ఇదే గొడవ. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విజయవాడలో కాపురం, ఇంట్లో ఇద్దరే, 190 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్. అత్తగారు వచ్చినప్పుడల్లా టమాటాలు, ఉల్లిపాయలు, అరటిపళ్లు, బ్రెడ్డు, చివరికి ఆవకాయ జాడీ కూడా అందులో సర్ది వెళతారు. మీవారేమో నెట్‌లో ఎక్కడో చదివి సగం తీసి బయట పెట్టమంటారు. గుడ్లు, మిగిలిన అన్నం, దోసెల పిండి దగ్గర ఒకరి మాట ఒకరికి పడటం లేదు. ఎవరిది రైటు అని అడిగారు.

ఇద్దరిదీ సగం సగం రైటే. నేను హోంసైన్సు కాలేజీలో ఆహార నిల్వ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అంతకంటే ఎక్కువ కాలం వంటింట్లో ఉన్నాను. ఆ రెండు అనుభవాలూ కలిపి చెబుతాను.

ముందు మీవారి సంగతి. ఆయన చదివిన పేజీల్లో "గది ఉష్ణోగ్రతలో ఉంచండి" అని ఉండి ఉంటుంది. ఆ గది ఎవరిదో చూడాలి కదా? అలాంటివి రాసేవాళ్లలో ఎక్కువమందికి గది అంటే 20, 22 డిగ్రీలు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి మీ వంటింట్లో స్టవ్ పక్కన 36 డిగ్రీలకు తక్కువ ఉండదు. జనవరిలో తెల్లవారుజామున అదే వంటిల్లు 20 దగ్గర ఉంటుంది. అందుకే మన దగ్గర "ఇది ఎప్పుడూ బయటే", "ఇది ఎప్పుడూ లోపలే" అని కొన్నిటికే చెప్పగలం. మిగతావాటికి నెలను బట్టి జవాబు మారుతుంది.

ఇక ఫ్రిజ్ సంగతి. అది క్రిములను చంపదు, పాడైనదాన్ని బాగు చేయదు. జరుగుతున్నదాన్ని నెమ్మది చేస్తుంది, అంతే. కాబట్టి ఏ పదార్థం చేతిలోకి తీసుకున్నా నేను రెండు సంగతులు చూస్తాను. ఇందులో తడి ఉందా, ఉంటే దాన్ని కాపాడటానికి సరిపడా ఉప్పో, పులుపో, తీపో ఉందా? తడి ఉండి కాపలా లేకపోతే అది ఫ్రిజ్‌కే. పప్పు, కూర, అన్నం, పాలు, పనీరు, మాంసం, కోసిన పుచ్చకాయ అన్నీ ఈ కోవలోవే. రెండోది, ఇది ఇంకా బతికున్న కాయేనా? టమాటా, అరటిపండు, బంగాళాదుంప కోసిన తర్వాత కూడా ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి. వాటిలో వేడి దేశాల్లో పుట్టి పెరిగిన వాటికి ఎక్కువ చలి పడదు. మనకు ఎండదెబ్బ ఎలాగో వాటికి చలిదెబ్బ అలాగ.

సర్దుడు మొదలెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. ఒక ఫ్రిజ్ థర్మామీటర్ (జ్వరం చూసేది కాదు) కొని, గ్లాసు నీళ్లలో వేసి, రాత్రంతా మధ్య అరలో ఉంచి పొద్దున్నే చూడండి. 4 డిగ్రీలు, లేదా అంతకంటే తక్కువ ఉండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య క్రిములకు పండగ. చాలా ఇళ్లలో నాబ్ కొన్నరోజు ఎక్కడ ఉందో పదేళ్ల తర్వాతా అక్కడే ఉంటుంది. సాధారణంగా అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది కానీ మీ మోడల్ పుస్తకం ఒకసారి చూసుకోండి. వేసవిలో పెంచాలి, చలికాలంలో తగ్గించాలి. మీ సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ కిందుండే ట్రేలో చలి అన్నిటికంటే ఎక్కువ. తలుపు అరల్లో అన్నిటికంటే తక్కువ, ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ వంటింటి వేడి ముందు తగిలేది అక్కడే. పాల గిన్నె తలుపు అరలో పెడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అన్నం. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు అన్నిటికంటే తేలిగ్గా తీసుకునేది దీన్నే.

బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు మామూలుగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. గింజ మధ్యలో నిద్రపోతున్నట్టు ఉంటాయి. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి కుక్కర్‌లోనే ఉంటే మేలుకుని పెరుగుతాయి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఇది పాఠంగా ఎన్నేళ్లు చెప్పానో లెక్కలేదు. అయినా ఒక జూన్ నెలలో రాత్రి వండిన అన్నం కుక్కర్‌లోనే వదిలేసి, పొద్దున్నే దానికి పోపు పెట్టి పిల్లల డబ్బాల్లో సర్దాను. వాసన బాగానే ఉంది, రంగు బాగానే ఉంది. పదింటికల్లా స్కూలు నుంచి ఫోన్ వచ్చింది, ఇద్దరికీ వాంతులని. ఆ రోజు నుంచి "వాసన చూశాను, బాగానే ఉంది" అనే మాటను నేను ఒప్పుకోను. కంపు కొట్టించే క్రిములు వేరు, జబ్బు చేసేవి వేరు. రెండోవి చాలాసార్లు ఏ కబురూ పెట్టకుండానే వస్తాయి.

లెక్క ఏమిటంటే, వండిన పదార్థం మామూలు రోజుల్లో రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన రోజుల్లో ఒక గంటే. మార్చి నుంచి జూన్ దాకా మీకు వర్తించేది ఆ ఒక గంట లెక్కే. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని పళ్లెంలో పల్చగా పరిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి, డబ్బాలో పెట్టి లోపల పెట్టేయండి. మర్నాటికి గింజ గట్టిపడుతుంది. చల్లబడ్డ పిండి పదార్థం బిగుసుకోవడమే దానికి కారణం, పాడైనట్టు కాదు. కాసిని నీళ్లు చిలకరించి, పొగలొచ్చేలా వేడి చేస్తే మెత్తబడుతుంది.

"మరి మా అమ్మమ్మ చద్దన్నం తిని తొంభై ఏళ్లు బతికిందే" అని మీ అత్తగారు అంటారు. ఆవిడ అన్నదీ నిజమే. చద్దన్నం ఊరికే వదిలేసిన అన్నం కాదు. నీళ్లో మజ్జిగో పోసి పులవనిచ్చిన అన్నం. అందులో పెరిగే లాక్టిక్ బాక్టీరియా పులుపు పుట్టించి మిగతావాటిని అణిచిపెడుతుంది. ఆ పులుపే దానికి కాపలా. పులిహోర పూటంతా నిలవడానికి చింతపండు సాయం ఉన్నట్టే. కుక్కర్‌లో మూతపెట్టి మరచిపోయిన అన్నానికి ఆ కాపలా ఏదీ లేదు. చద్దన్నం చేసుకోవాలంటే రాత్రి అన్నం ఆరగానే మజ్జిగ కలిపి పెట్టుకుని పొద్దున్నే తినేయండి. వేసవి మధ్యాహ్నం దాకా ఆగొద్దు.

ఇక్కడే ఇంకో అపోహ. వేడి గిన్నె పెడితే ఫ్రిజ్ పాడైపోతుందని పూర్తిగా చల్లారే దాకా, అంటే నాలుగైదు గంటలు, సాంబారు గిన్నె గట్టు మీదే ఉంచేస్తారు. పొగలు కక్కే పెద్ద గిన్నె పెట్టకూడదన్నది నిజం. పక్కనున్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి. దానికి మందు గంటల తరబడి ఎదురుచూడటం కాదు. గిన్నెను వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి అందులో పెట్టి గరిటెతో తిప్పండి. లేదంటే రెండు మూడు చిన్న గిన్నెల్లోకి తీయండి. అరగంటలో గోరువెచ్చన అవుతుంది. అప్పుడు లోపల పెట్టేయండి. వండినవి మూడు నాలుగు రోజులు ఉంటాయని పుస్తకాల్లో ఉంటుంది. మాటిమాటికీ తలుపు తీసే చిన్న ఫ్రిజ్‌లో నేనైతే రెండు రోజులకు మించి ఉంచను. తీసినప్పుడు కావలసినంతే వేరే గిన్నెలోకి తీసి మరిగించండి. గిన్నెంతా వేడిచేసి, మళ్లీ చల్లార్చి, మళ్లీ పెట్టడం మొదలుపెడితే ఆ పప్పు రోజుకు రెండుసార్లు క్రిముల పండగ చేసుకుంటుంది.

దోసెల పిండి. రుబ్బగానే పెట్టాలా, పులిశాక పెట్టాలా అన్నారు. పులవడానికి వెచ్చదనం కావాలి. జనవరిలో పది పన్నెండు గంటలు, మేలో నాలుగైదు గంటలు చాలు. మన ఆడవాళ్లు రాత్రి రుబ్బి పొద్దున్నే చూసే అలవాటులో ఉంటారు. వేసవిలో తెల్లారేసరికి పిండి గిన్నె దాటి గట్టంతా పారేది అందుకే. నేను చేసేది ఇదీ: రుబ్బగానే పిండిని రెండు భాగాలు చేస్తాను. రేపటికి కావలసినది బయట. మిగతాది పులవకముందే తిన్నగా ఫ్రిజ్‌లోకి, సగమే నిండిన గిన్నెలో. ఎల్లుండికి కావాలంటే ముందురోజు సాయంత్రం బయటికి తీసి పులియబెట్టుకుంటాను. ఇలా చేస్తే మూడో రోజు ఇడ్లీ కూడా మొదటిరోజు ఇడ్లీలాగే ఉంటుంది. పులిశాక పెట్టింది లోపల కూడా మెల్లగా పులుస్తూనే ఉంటుంది. నాలుగో రోజుకు అట్లకూ ఊతప్పాలకే పనికొస్తుంది. గులాబీ రంగో నారింజ రంగో మచ్చ కనిపిస్తే మాత్రం పైపైన తీసి వాడొద్దు, మొత్తం పారబోయండి.

పాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ప్యాకెట్ పాలు తెచ్చిన వెంటనే లోపల పెట్టాలి, లేదా కాచి చల్లార్చి పెట్టాలి. పెట్టె పాలు, అంటే టెట్రా ప్యాక్‌లో వచ్చేవి, 135 డిగ్రీల పైన కొన్ని సెకన్లు వేడిచేసి గాలి తగలకుండా నింపినవి. తెరిచేదాకా వాటికి ఫ్రిజ్‌లో చోటు దండగ. తెరిచాక అవీ మామూలు పాలే. పెరుగు తోడుకోగానే లోపల పెట్టండి, పులుపు అక్కడితో ఆగినట్టే ఉంటుంది. ఫ్రిజ్ లేని రోజుల్లో మా ఊళ్లో పాలకుండను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పిడకల దాలి (పిడకలు సన్నగా రాజుకునే గుంట) మీద పెట్టేవారు. ఎర్రగా కాగి, మీద అరచేయి మందాన మీగడ కట్టేది. దాలి మీద పాలు ఎప్పుడూ 60 డిగ్రీల పైనే ఉంటాయి కాబట్టి విరిగేవి కాదు. 4 కిందికి దించలేనివాళ్లు 60 పైకి ఎత్తి ఉంచారన్నమాట. ఇది నేను క్లాసులో చెబితే పట్నం పిల్లలు దాలి అంటే ఏమిటని అడిగేవారు.

గుడ్ల మీద మీ ఇంట్లో గొడవకు కారణం నాకు తెలుసు. అమెరికాలో గుడ్లు తప్పక ఫ్రిజ్‌లో అంటారు, ఐరోపాలో చాలాచోట్ల దుకాణంలో బయటే అమ్ముతారు. అమెరికాలో గుడ్లను కడిగి అమ్ముతారు. కడిగితే పెంకు మీదుండే సహజమైన పొర పోతుంది, పెంకులోని సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి. ఐరోపాలో కడగరు, పొర ఉంటుంది. మన కిరాణా కొట్లో అట్టల్లో వచ్చేవి ఎక్కువగా కడగనివే. చలికాలంలో వారం రోజులు బయట ఉన్నా ఫరవాలేదు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం లోపలే పెట్టండి, ఆ వేడికి తెల్లసొన త్వరగా నీరుకారుతుంది. తెచ్చిన వెంటనే కడగొద్దు, వాడే ముందు కడగండి. ఒకసారి చల్లబడ్డ గుడ్లను మళ్లీ బయట ఉంచేయొద్దు. పెంకు మీద చెమట పట్టి, ఆ తడితో పాటు పైనున్న మురికి లోపలికి దిగుతుంది. తలుపుకు గుడ్ల గుంటలు ఎందుకిచ్చారో కంపెనీలకే తెలియాలి. నేను మధ్య అరలో డబ్బాలో పెడతాను. నీళ్లలో వేసి తేలిందా మునిగిందా చూడటం గుడ్డు వయసు చెబుతుంది కానీ అందులో క్రిమి ఉందో లేదో చెప్పదు.

టమాటాల దగ్గర మీవారు చెప్పింది శాస్త్రమే. 12 డిగ్రీల కంటే చల్లగా ఉంచితే టమాటాకు ఆ వాసన, రుచి ఇచ్చే పదార్థాలు తయారవడం తగ్గిపోతుంది. బయటికి తీశాక కూడా పూర్తిగా తిరిగి రాదు. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు చలికి ఆ రుచి తాలూకు జన్యువుల పని మందగిస్తుందని చూపించారు. పచ్చిగా, దోరగా ఉన్నవాటిని పెడితే అసలు సరిగ్గా పండవు. ఇంతవరకూ ఆయన గెలిచారు. కానీ మన ఎండల్లో ఇంకో సంగతి ఉంది. 30 డిగ్రీలు దాటితే టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా సరిగా తయారు కాదు. వేసవిలో టమాటాలు ఎర్రబడకుండా నారింజ రంగులోనే మెత్తబడేది అందుకే. ఆ నెలల్లో రెండు కిలోలు బుట్టలో వదిలేస్తే మూడో రోజుకు ఈగలు మూగుతాయి. అందుకని దోరవి బయట, తొడిమ వైపు కిందికి పెట్టి. పూర్తిగా పండినవి, రెండు రోజుల్లో వాడలేననుకున్నవి కింది కూరగాయల డబ్బాలోకి. పప్పులోకో చారులోకో వేసే టమాటాకు వాసన కొంచెం తగ్గితే ఎవరు కనిపెడతారు చెప్పండి? పచ్చి ముక్కలు తినేటప్పుడే ఆ తేడా తెలిసేది.

అరటిపళ్లు 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తొక్క నల్లబడుతుంది. చక్కెరకేళి అయితే ఇంకా తొందరగా నల్లబడుతుందని నా అనుభవం. కాయ దశలో పెడితే లోపల కూడా చెడుతుంది. బాగా పండింది పెడితే తొక్కే నలుపు, లోపలి పండు బాగానే ఉంటుంది. చిన్నపిల్లలకు పెట్టేటప్పుడు తొక్క చూసి పారేయకండి. మామిడి కూడా అంతే. నూజివీడు నుంచి రసాలు వస్తే ముందు గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో మాగనివ్వండి. ఘుమఘుమ వాసన వచ్చాక లోపల పెడితే ఇంకో నాలుగు రోజులు ఆగుతాయి. కాయ ఉన్నప్పుడే పెడితే పులుపూ కాదు తీపీ కాదు అన్నట్టు తయారవుతాయి. అన్నట్టు మామిడి, అరటి, ఆపిల్ ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. వాటి పక్కన కొత్తిమీర, తోటకూర పెడితే రెండు రోజుల్లో పసుపెక్కుతాయి. ఆకుకూరలకు వేరే మూల చూడండి.

బంగాళాదుంపలను చలిలో పెడితే వాటిలోని పిండి చక్కెరగా మారుతుంది. కూర తియ్యగా ఉంటుంది, వేపుడు చేస్తే లోపల ఉడక్కముందే పైన నల్లబడుతుంది. ఆ చక్కెరలు ఎక్కువ వేడిలో అక్రిలమైడ్ అనే, క్యాన్సర్ తెస్తుందేమోనన్న అనుమానమున్న పదార్థం పుట్టిస్తాయి. వేయించిన ఆహారాల్లో అది ఉందని 2002లో స్వీడన్‌లో బయటపడ్డాక పెద్ద గొడవైంది. బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ కూడా చాలాకాలం దుంపలు ఫ్రిజ్‌లో పెట్టొద్దనే చెప్పి, 2023లో ఇంట్లో పెట్టుకోవచ్చని సలహా మార్చుకుంది. కాబట్టి భయపడాల్సిన పని లేదు. కానీ చిన్న ఫ్రిజ్‌లో చోటు దండగ, వేపుడు రుచీ దండగ. చీకటిగా, గాలి ఆడే బుట్టలో పెట్టండి. వెలుతురు తగిలి ఆకుపచ్చగా మారిన భాగం కోసి పారేయండి, ఎక్కువ మారితే దుంపే పారేయండి. ఉల్లిపాయలు ఆ బుట్టలో కలపొద్దు, ఒకదాని తడికి ఇంకోటి చెడుతుంది. ఉల్లి, వెల్లుల్లి ఫ్రిజ్ తేమకు మొలకలెత్తుతాయి, బూజు పడతాయి. కంద, చామదుంప, చిలగడదుంప కూడా బయటే.

మిగతా కూరగాయలు గబగబా చెప్పేస్తాను. వంకాయ, బెండకాయ, దోసకాయ చలి ఎక్కువైతే మచ్చలు పడతాయి. రెండు మూడు రోజులకైతే కింది డబ్బాలో బాగానే ఉంటాయి, వారానికి సరిపడా కొనొద్దు. పచ్చిమిర్చి తొడిమలు తీసి, తడి లేకుండా కాగితంలో చుట్టి డబ్బాలో. కరివేపాకు, కొత్తిమీర కూడా తడి ఆరాకే. కడిగి నీళ్లు కారుతుండగానే కవర్లో కట్టి పెట్టడం వల్లే అవి కుళ్లేది. క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ చలి దేశం బిడ్డలు, ఎంత చల్లగా ఉంచినా సంతోషమే.

బ్రెడ్డు విషయంలో వింత ఏమిటంటే, ఫ్రిజ్ చలిలోనే అది అన్నిటికంటే త్వరగా గట్టిపడుతుంది. అన్నం గింజ బిగిసిపోయే కారణమే ఇక్కడా. బయట పెడితే మెత్తగా ఉంటుంది కానీ ఆగస్టు ముసురులో రెండో రోజుకే బూజు. రెండు రోజుల్లో తినేస్తే బయట, లేదంటే ముక్కలు విడదీసి ఫ్రీజర్లో. తీసి నేరుగా పెనం మీద వేసుకోవచ్చు. మధ్య అర మాత్రం బ్రెడ్డుకు చోటు కాదు.

ఇప్పుడు ఒక్కదాని విషయంలో గట్టిగా చెబుతున్నాను. అల్లం వెల్లుల్లి ముద్ద, నూనెలో వేసి ఉంచిన పచ్చి వెల్లుల్లి ఎట్టి పరిస్థితిలోనూ బయట ఉంచొద్దు. వెల్లుల్లి మట్టిలో పెరిగేది. మట్టిలో బొటులిజం కలిగించే క్రిమి బీజాలు ఉంటాయి. వాటికి గాలి లేని, పులుపు లేని చోటు కావాలి. నూనెలో మునిగిన వెల్లుల్లి సరిగ్గా అలాంటి చోటే. అరుదైన జబ్బే, కానీ వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. ముద్ద కొద్దికొద్దిగా నూరుకుని లోపల పెట్టి, వారంలోపు వాడేయండి. ఎక్కువైతే ఫ్రీజర్లో ఐసు ట్రేలో గడ్డకట్టించండి. రోటి పచ్చళ్లు, కొబ్బరి పచ్చడి కూడా పోపు పడింది కదా అని గట్టు మీద వదిలేయొద్దు. కొబ్బరి పచ్చడి వేసవిలో గంటన్నరకే తేడా చేస్తుంది. కొట్టిన కొబ్బరి చెక్క రాత్రికి జిగురు వస్తుంది, తురిమి ఫ్రీజర్లో పెట్టుకోండి.

చేపలు, కోడిమాంసం ఒకటి రెండు రోజుల్లో వండుకునేదైతే మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో ఫ్రీజర్ కింది ట్రేలో. అంతకు మించితే ఫ్రీజర్లోనే. ఆ రసం చుక్క కూడా కింద పెరుగు గిన్నెలోకి కారకూడదు, అదొక్కటి చూసుకోండి.

బయట హాయిగా ఉండేవి: నెయ్యి (తడి దాదాపు ఉండదు కాబట్టి, తడి స్పూను పెట్టనంత వరకూ), నూనెలు, ఉప్పు, చక్కెర, తేనె. తేనె చలికి గడ్డకడుతుంది, కల్తీ అని పారబోసుకునేవాళ్లను చూశాను. కాఫీ పొడి తేమ, పక్క వాసనలు లాగేసుకుంటుంది, గాలి చొరని డబ్బాలో బయటే. వెన్న మాత్రం లోపల. చింతపండు, కారం బయట ఉన్నా చెడవు కానీ రంగు పోతుంది. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పెట్టేది ఆ రంగు కోసమూ, పురుగు కోసమూనే. ఏడాదికి సరిపడా కారం ఆడించుకునే ఇల్లయితే సగం లోపల పెట్టుకోవడం మంచి పనే. మీ ఇద్దరికి అర కిలో బయట చాలు. బొంబాయి రవ్వకు పురుగు పడుతోందంటే తెచ్చిన ప్యాకెట్టును నాలుగు రోజులు ఫ్రీజర్లో ఉంచి తీయండి, గుడ్లు చచ్చిపోతాయి. తర్వాత బయటే ఉంచుకోవచ్చు.

చోటు లేదని రాశారు కదా, మీ ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు ఎన్ని ఉన్నాయి? మా వీధిలో ఒకావిడ ఫ్రిజ్ తెరిస్తే తొమ్మిది. ఒక మట్టి కుండ కొనుక్కోండి, రెండు సీసాలు లోపల ఉంచుకోండి. గాలి తిరగడానికి సందు లేకుండా కుక్కిన ఫ్రిజ్‌లో 4 డిగ్రీలు రావడం కష్టం. కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉంచితే నాలుగు గంటల వరకూ లోపలి చలి నిలుస్తుంది. అంతకంటే ఎక్కువసేపు పోతే పాలు, కూరలు, మాంసం సంగతి చూడాలి. పచ్చిమిర్చి, క్యారెట్ల గురించి టెన్షన్ అక్కర్లేదు.

చివరగా ఆవకాయ. మీ అత్తగారికి ఈ ఒక్కటి మీరే మెల్లగా చెప్పాలి. ఉప్పు, ఆవపిండి, కారం, మామిడి పులుపు, పైన నూనె, ఇన్ని కాపలాలున్నది ఇంకేదీ లేదు మన వంటింట్లో. అది కొన్ని వందల వేసవులు ఫ్రిజ్ లేకుండానే దాటింది. చెడిందంటే తడి గరిటె వల్లో, ఉప్పు తగ్గించడం వల్లో, ముక్క నూనెలోంచి పైకి తేలడం వల్లో చెడుతుంది. బీపీ ఉందని ఉప్పు బాగా తగ్గించి పెట్టిందైతే మాత్రం ఆవిడ చేసింది సరే, లోపలే ఉంచండి. మామూలు కొలతలతో పెట్టిందైతే, చిన్న సీసాలోకి వారానికి సరిపడా తీసి బల్ల మీద పెట్టుకుని, జాడీకి గుడ్డ కట్టి అటక మీద పెట్టండి. ఆ ఖాళీలో రెండు రోజుల దోసెల పిండి గిన్నె సరిగ్గా పడుతుంది.